రికార్డు చివరి రెండు దెబ్బలు

రికార్డు చివరికి వచ్చింది. ఎప్పటిలాగే రెండు దెబ్బలు పడ్డాయి. మొదటిది గట్టిగా, రెండోది కాస్త మెల్లగా. చిన్నమ్మ ఆగింది. ఆమెతో జతగా ఆడుతున్న ఆమె భర్త కాక కూడా ఆమెతోపాటే ఆగాడు. పాదం కదల్లేదు, భుజం కదల్లేదు. టాంగో నాట్యం ఎలా ముగియాలో సరిగ్గా అలాగే ముగించాడు.

అంతకుముందు రెండేళ్లలో ఆయన ఒక్కసారి కూడా అలా ఆగడం నేను చూడలేదు. ఆ రెండు దెబ్బలు పడగానే ఆయన కుడి పాదం దానంతట అదే పైకి లేచేది. ఒక అడుగు వెనక్కి పడేది. చిన్నమ్మ "అయిపోయింది, ఆగు" అని కసిరేది. గడప మీద కూర్చున్న మా బావ "పోయినయ్ టబ్బులు!" అని అరిచేవాడు. ప్రతి రికార్డుకూ జరిగే తంతు ఇది. ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా బావ అరవడానికి నోరు తెరిచే ఉన్నాడు. అవసరం రాలేదు.

"ఆఖరికి నేర్చుకున్నవ్ కాకా!" అన్నాడు.

కాక వీపు బావ వైపు ఉంది. ఆయన పలకలేదు. గ్రామఫోన్ ముల్లు పాట లేని గాడిలో గరగరమంటూ తిరుగుతోంది. కాక మాత్రం చిన్నమ్మ భుజం మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుని, తర్వాతి అడుగు కోసం అలాగే నిలబడి ఉన్నాడు. పాట అయిపోయిన సంగతి ఆయనకు తెలియలేదు.

బావ ముఖంలో నవ్వు పోయింది. ఎందుకో అర్థం కావాలంటే కాక చేసే పని ఏమిటో ముందు చెప్పాలి.

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో మేము పనిచేసే గని నిట్టనిలువు బావి కాదు. నేలలోకి ఏటవాలుగా దిగే దారి. ఆ వాలులో పట్టాలు, పట్టాల మీద బొగ్గు టబ్బులు, టబ్బులకు ఇనుప తాడు. పైన ఇంజన్ గదిలో ఆ తాడును చుట్టి, వదిలే యంత్రాన్ని హాలర్ అనేవాళ్లం. కాక దాని డ్రైవరు. కింద ఏం జరుగుతోందో ఆయనకు కనిపించదు. కిందివాళ్లు తీగ లాగితే పైన గోడకు బిగించిన గంట మోగుతుంది. ఒక దెబ్బ పడితే ఆపాలి. రెండు పడితే దించాలి. మూడు పడితే లాగాలి. రెండు దెబ్బలు వినగానే కాక కుడి పాదం బ్రేకు మీది నుంచి లేచేది. ముప్పై ఏళ్లుగా లేస్తూనే ఉంది.

కింద తీగ లాగే ట్రామర్లలో మా బావ ఒకడు. టబ్బు పట్టా దిగిపోతే ఆయన టబ్బుల మధ్యకు దూరి, భుజం పెట్టి దాన్ని మళ్లీ ఎక్కించాలి. ఆ సమయంలో పైనున్న మనిషి ఒక్క దెబ్బ వినకపోతే ఏమవుతుందో గని దగ్గర అందరికీ తెలుసు. నాకు ఇంకాస్త ఎక్కువ తెలుసు. నేను టైం ఆఫీసులో హాజరు వేసే గుమాస్తాను. దాంతోపాటు ఒక దినపత్రికకు గని వార్తలు పంపేవాణ్ని. అలాంటి ప్రమాదాల వార్తలు రాసి రాసి, వాటి వరుస నాకు కంఠతా వచ్చింది: పేరు, వయసు, ఊరు, ఏ షిఫ్టు, ఎన్ని గంటలకు. ఆ వరుసలో మా బావ పేరు పెట్టి చూసుకోవడం అదే మొదటిసారి.

ఇక, గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టర్‌లోకి టాంగో ఎలా వచ్చిందో చెప్పాలి.

కాక, చిన్నమ్మ నాకు బంధువులు కారు. నేను అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ని. వాళ్ల క్వార్టర్ పక్కది వీళ్లది. తరతరాల క్రైస్తవ కుటుంబం. కొత్తగూడెం గనుల్లో చాలాకాలం పనిచేసి, ఇక్కడ కొత్త గనులు తెరిచాక బదిలీ మీద వచ్చారు. కొత్తగూడెంలో ఉన్నప్పుడు, అరవైల మొదట్లో, చిన్నమ్మ ఒక బంగళాలో ఆయాగా చేసింది. యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంగ్లీషు ఇంజనీరు బంగళా అది. ఆయన భార్య పుట్టి పెరిగింది అర్జెంటీనాలోనట. ఆమె తండ్రి అక్కడ రైల్వేలో పనిచేసేవాడట. ఆ దొరసానికి టాంగో అంటే ప్రాణం. కానీ భర్తకు దాని మీద మనసు లేదు. గని నుంచి రాగానే కుర్చీలో కూలబడేవాడు. జత లేనిదే ఆడలేని ఆట అది. ఆమె చివరికి ఆయాను పిలిచి, మగవాడు వేసే అడుగులు నేర్పింది. అలా చిన్నమ్మ రెండేళ్లపాటు, మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక, బంగళా హాల్లో దొరసానిని నడిపించింది.

వాళ్లు దేశం వెళ్లిపోతూ చావి తిప్పే గ్రామఫోన్‌ను, పదకొండు రికార్డులను చిన్నమ్మకు ఇచ్చి పోయారు. వాటిమీద అక్షరాలు మాకెవరికీ రాని భాషలో ఉండేవి. అందుకే పేర్లు మేమే పెట్టుకున్నాం. ఒకటి 'వాన పాట'. ఒకటి 'కోపం పాట'. అంచు విరిగినది 'పన్ను పోయిన పాట'.

చిన్నమ్మకు తెలిసింది మగవాడి భాగమే కనుక కాక ఆడమనిషి భాగం నేర్చుకోవలసి వచ్చింది. ఆమె ముందుకు నడుస్తుంది. ఆయన వెనక్కి నడుస్తాడు. మా క్వార్టర్ల లైనులో దీని మీద బోలెడు పరిహాసం నడిచేది.

"మొగోడు ఎనుకకు నడుసుడేంది కాకా, ఇచ్చంత్రం గాకపోతే!" అన్నాడోసారి బావ.

"వారమంతా నేను టబ్బులను నడిపిస్త. ఆదివారం ఒక్కనాడు నన్నెవరన్న నడిపిస్తే నీకేం నొప్పిరా?" అన్నాడు కాక.

"నొప్పి ఆయనకెందుకు? గడప మీద కూసునే పనే గదా," అంది చిన్నమ్మ.

చర్చిలో కూడా ఒకరిద్దరు పెద్దలు గొణిగారు. పాస్టరుగారు ఒక ఆదివారం వచ్చి, రెండు రికార్డులు విని, చాయ్ తాగి, "మొగుడు పెండ్లాలే గదా ఆడుతున్నరు" అని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

నేను మొదట పత్రికకు రాద్దామని అడగడానికి వెళ్లాను. చిన్నమ్మ నా చేతిలోని నోటుబుక్కు తీసి కిటికీలో పెట్టింది. "రాసుడు తర్వాత బిడ్డా. ముందుగాల నిలబడు," అంది.

మూడు ఆదివారాలు నడక తప్ప ఇంకేమీ నేర్పలేదు. నాకు నడక రాదని అప్పుడే తెలిసింది. పాదం పెట్టి, దానిమీద బరువంతా ఒకేసారి వేసేవాణ్ని. ఆమె ముందు పాదం పెట్టమనేది, బరువు తర్వాత తెమ్మనేది. చీకట్లో వాలు దిగే గని కార్మికులు అలాగే నడుస్తారు, నేల ఉందో లేదో పాదంతో తడిమి చూసుకుంటూ. అందుకే కాకకు అది రోజుల్లో పట్టుబడింది. కుర్చీలో కూర్చుని పేర్లు రాసుకునే నాకు నెలలు పట్టింది. నేను లోలోపల ఒకటి, రెండు, మూడు అనుకుంటూ అడుగులు వేస్తుంటే పెదవులు కదలడం చూసి, "లెక్కవెడుతున్నవా? ఇక్కడ కూడ హాజరు ఏస్తున్నవా?" అనేది. చేతులతో తోయకూడదు. ఎటు వెళ్లాలో ఛాతీతో చెప్పాలి. ఎదుటి మనిషి దాన్ని ఛాతీతోనే వినాలి. ఆమె నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే: "నడు."

గచ్చు మీద పాదం జారడానికి బావ తన క్యారమ్ బోర్డు పౌడర్ తెచ్చి చల్లేవాడు. ఆడమంటే మాత్రం రాననేవాడు.

ఆ సంగీతం గురించి చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. అందులో డోలు లేదు, తబలా లేదు. తాళం వాయించేవాడు లేకుండానే తాళం నడుస్తుంది. హార్మోనియానికి దూరపు చుట్టంలాంటి వాద్యం ఒకటి ఉంటుంది. రెండు చేతుల మధ్య సాగదీసి, మళ్లీ ముడుస్తారట. దొరసాని చెప్పిందని చిన్నమ్మ చెప్పింది. అది ఊపిరి పీలుస్తున్నట్లే వినిపిస్తుంది. వయొలిన్ ఒక దుఃఖాన్ని పట్టుకుని సాగదీస్తూ పోతుంది. ఇక తెగుతుందేమో అనిపించేచోట పియానో వచ్చి టక్కున కొరికేస్తుంది. వేగం ఉంటుంది, తొందర ఉండదు. నచ్చినచోట ఆగి నిలబడవచ్చు. పాట సాగుతూ ఉండగా ఇద్దరు మనుషులు ఏమీ చేయకుండా నిలబడటం కూడా ఆటలో భాగమేనని తెలిసిన రోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో. గని సైరన్ కూతకు లేచి, సైరన్ కూతకు తినే ఊళ్లో, ఆగడానికి ఎవరి అనుమతీ అక్కరలేని చోటు అదొక్కటే.

కాకకు అక్కడే చిక్కు వచ్చేది. పాట మధ్యలో పియానో ఒక్క దెబ్బ గట్టిగా కొడితే ఆయన బిగుసుకుపోయేవాడు. చివర రెండు దెబ్బలు పడితే, అందరూ ఆగేచోట ఆయన బయలుదేరేవాడు. ఆ రికార్డుల్లో దాదాపు ప్రతి పాటా ఆ రెండు దెబ్బలతోనే ముగుస్తుంది. మొదటి చిక్కును ఏడాదిలో వదిలించుకున్నాడు. రెండోది వదల్లేదు. "ఇది నా కాలు గాదు, కంపెనీ కాలు," అనేవాడు.

ఆ ఏడు వానాకాలంలో గ్రామఫోన్ స్ప్రింగు తెగింది. బాగుచేయడానికి వరంగల్ పంపితే నెల దాటాక వచ్చింది. అది వచ్చిన మొదటి ఆదివారమే నేను మొదట చెప్పిన ఆదివారం.

ఆ నెలలో కాకను ఒకటికి రెండుసార్లు పిలవవలసి వస్తోందని మాకు అనిపించలేదా అంటే, అనిపించింది. అలసట అనుకున్నాం. గనిలో పనిచేసేవాళ్లు ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడుకుంటారు కనుక ఎవరికీ పట్టింపు లేకపోయింది. ఆ ఆదివారం ఆటలోనూ చివరిదాకా తేడా తెలియలేదు. ఆయన వినవలసింది చిన్నమ్మ ఛాతీని. దానికి చెవులతో పనిలేదు. ఆమె చెప్పలేనిది ఒక్కటే, చివరి రెండు దెబ్బలు.

బావ లేచి వెళ్లి, కాక వీపు వెనక నిలబడి రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. కాక కదల్లేదు. చిన్నమ్మ చేతులు దించేసింది. అప్పుడు ఆయన కళ్లు తెరిచాడు.

బావ ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఇనవడ్తలేదా కాకా?" అన్నాడు, ముఖంలో ముఖం పెట్టి.

"ఏం ఇనవడుడు? మంచిగనే ఇనవడుతంది."

"రేపు మనిద్దరిది ఫస్ట్ షిఫ్టే. నేను కింద గంట కొడ్త. నువ్వు ఇనకపోతే, నేను టబ్బుల నడుమ ఉంట."

"ముప్పై ఏండ్ల సంది హాలర్ సీటు మీద కూసుంటున్న. ఒక్క టబ్బు జారలే."

"జారలే కాకా. నేనే సాక్ష్యం. రేపటి ముచ్చట చెప్పు."

కాక వెనక్కి జరిగి మంచం అంచున కూర్చున్నాడు. "అన్‌ఫిట్ అని రాస్తే ఏం జెయ్యాలె? క్వార్టర్ ఇడిచిపెట్టి ఏడికి పోవాలె?" అన్నాడు. బావను అడిగినట్లు లేదు, గోడను అడిగినట్లుంది.

నేను ఆయనకు కనబడేలా వంగి, "రేపు నీ హాజరు నేను వెయ్య కాకా," అన్నాను.

"నువ్వు ఎయ్యకుంటే ఇంకో గుమాస్త ఏస్తడు."

"అట్లయితే మేనేజర్ దగ్గరికి పోత."

ఆయన నావైపు చూసిన చూపు నాకు బాగా గుర్తుంది. రెండేళ్లు ఆయన ఇంట్లో నడక నేర్చుకున్నవాణ్ని నేను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ అది సులువుగా వచ్చిన మాట కాదు.

చిన్నమ్మ గ్రామఫోన్ ముల్లు ఎత్తి పక్కన పెట్టింది. మూత వేసింది. ఆయన చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టి, ఛాతీకి ఎదురుగా నిలబడి, పాఠంలో చెప్పినట్లే చెప్పింది.

"నడు."

నలుగురం దవాఖానకు వెళ్లాం. ఆదివారం డ్యూటీలో ఉన్నది కోస్తా వైపు నుంచి వచ్చిన చిన్నవయసు డాక్టరు. కాక చెవిలోకి గొట్టం పెట్టి, లైటు వేసి చూశాడు. రెండో చెవి కూడా చూశాడు. "ఇందులో కూడా గని ఉందండీ. గులిమితో బొగ్గుదుమ్ము కలిసి రాయిలా గడ్డకట్టింది. రెండు వైపులా దారి మూసేసింది," అన్నాడు.

బావ గట్టిగా ఊపిరి వదిలాడు. డాక్టరు వెంటనే చెయ్యి అడ్డంగా ఊపాడు. "దాని వెనక చెవి ఎలా ఉందో ఇది తీస్తే గానీ తెలీదు. ముప్పై ఏళ్లు ఇంజన్ పక్కన కూర్చున్న మనిషి. ఐదు రోజులు చుక్కలు వెయ్యండి. అప్పటిదాకా డ్యూటీ లేదు." చీటీ రాసిచ్చాడు.

ఆ ఐదు రోజులూ కాక వాకిట్లో కుర్చీ వేసుకుని, తల ఒక పక్కకు వంచి కూర్చునేవాడు, చుక్కలు లోపలికి దిగడానికి. నాతో మాట్లాడలేదు. బావతో కూడా. వేరే డ్రైవరు హాలర్ నడిపాడు. నేను రోజూ రిజిస్టరులో కాక పేరు ఎదురుగా సిక్ అని రాసేవాణ్ని. రాసిన ప్రతిసారీ ఆ పేరు అక్కడ ఇంకెన్నాళ్లు ఉంటుందోనని భయంగా ఉండేది. బావ క్షేమంగా ఇంటికి రావడం చూసి అదే సాయంత్రం హాయిగానూ ఉండేది.

ఆరో రోజు డాక్టరు పిచికారీతో గోరువెచ్చని నీళ్లు కొట్టాడు. పింగాణీ గిన్నెలో నల్లటి ముక్క పడింది, ఆ తర్వాత ఇంకొకటి. కాక ఉలిక్కిపడి పైకి చూశాడు.

"ఈ ఫ్యాను ఇంత చప్పుడు జేస్తదా?" అన్నాడు.

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

కుడి చెవి పూర్తిగా తేరుకుంది. ఎడమ చెవి కొంత మందగించిందనీ, అది ఇంజన్ మోత తిన్న భాగమనీ, ఇక తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. పనికి పనికొస్తాడో లేదో గని ఇంజనీరు గంట మోగించి చూసి చెప్పాలన్నాడు.

ఇంజన్ గదిలో ఆ పరీక్ష జరిగినప్పుడు నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మీట మీద వేరే డ్రైవరు ఉన్నాడు. యంత్రం నడుస్తోంది. కాకను గంటకు వీపు తిప్పి నిలబెట్టారు. వినిపించినన్ని దెబ్బలకు అన్ని వేళ్లు ఎత్తమన్నారు. కింద తీగ దగ్గర బావ ఉన్నాడు. ఆ పని ఇంకెవరికీ ఇవ్వనన్నాడు.

మూడు దెబ్బలు. మూడు వేళ్లు లేచాయి. ఒకటి. ఒక వేలు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. కాక వేలు కూడా లేవలేదు. బావ కావాలనే ఆగాడని తర్వాత చెప్పాడు. ఆ తర్వాత రెండు దెబ్బలు. కాక రెండు వేళ్లు ఎత్తాడు. దాంతోపాటు కుడి పాదం కూడా లేచింది. ఇంజనీరుకు అది కనిపించలేదు. నాకు కనిపించింది. గని దగ్గర గడిపిన ఇన్నేళ్లలో అంత మంచి వార్త నేను ఇంకొకటి చూడలేదు. దాన్ని ఏ పత్రికా అచ్చువేయదు. ఏమీ జరగలేదు కదా.

మూడు నెలలకోసారి చెవులు చూపించుకోవాలన్న షరతు మీద ఆయనను మళ్లీ సీటు మీద కూర్చోబెట్టారు.

తర్వాతి ఆదివారం చిన్నమ్మ 'వాన పాట' పెట్టింది. లైనులో సగంమంది వాకిట్లో ఉన్నారు. వాళ్లు చూస్తున్నది ఆటను కాదు, కాక కాలును. పాట సాగింది. వయొలిన్ సాగింది. చివరికి వచ్చింది. రెండు దెబ్బలు పడ్డాయి. కాక పాదం లేచి ఒక అడుగు వెనక్కి పడింది.

"పోయినయ్ టబ్బులు!" అని వాకిలంతా అరిచింది. అందరికంటే ఆలస్యంగా అరిచినవాడు బావ.

కాక నావైపు చూసి, "హాజరు ఏసినవా?" అన్నాడు. వారం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

"ఏసిన కాకా."

బావ లేచి, పంచె ఎగగట్టుకుని గచ్చు మీదికి వచ్చాడు. "గంట కొట్టేది నేను. నడిపిచ్చుడు కూడ నేనే నేర్చుకుంట. ఇగో, మీ అక్కను పిలువు," అన్నాడు నాతో. అక్క రెండు ఆదివారాలు రానని మొరాయించింది. మూడో ఆదివారం వచ్చింది.

కాక ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అదే సీటు మీద పనిచేసి, ఒక్క టబ్బు జారకుండా రిటైరయ్యాడు. ఆయనా చిన్నమ్మా ఇద్దరూ ఇప్పుడు లేరు. ఒక్క విషయం మాత్రం తేలలేదు. పరీక్ష రోజు ఇంజన్ గదిలో నేను గమనించాను: గంట డ్రైవరు సీటుకు ఎదురుగా, సరిగ్గా కంటి ఎత్తులో ఉంది. మోగినప్పుడల్లా దాని సుత్తి కదలడం కూర్చున్నచోటి నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. ఎప్పటి నుంచి వినబడటం లేదని డాక్టరు అడిగితే కాక "మొన్నటి సంది" అన్నాడు. చిన్నమ్మ "వానలు మొదలైనప్పటి సంది" అంది. ఆ నెలంతా గ్రామఫోన్ వరంగల్‌లో ఉంది. కాక రిటైరయ్యాక ఒకసారి నేరుగా అడిగాను. ఆయన లేచి వెళ్లి రికార్డు తిరగేసి పెట్టాడు. పాదం లేవని ఆ ఆదివారానికి ముందు ఆయన ఎన్ని షిఫ్టులు గంటను విని నడిపాడో, ఎన్ని షిఫ్టులు చూసి నడిపాడో నాకు ఇప్పటికీ తెలియదు.